పొక్రోవా లోపు వెలగాల్సిన పొయ్యి

తిమ్కో జహరూక్‌కి ఆ ఏడు ఆగస్టు నుంచే అలసటగా ఉంది. పని చేసి అలిసిపోవడం అతనికి కొత్త కాదు. పొద్దున కళ్లు తెరిచేసరికే అలిసిపోయి ఉండటం కొత్త. మంచం అంచున కూర్చుని ఒక బూటు తొడుక్కున్నాక, రెండోది తొడగాలా అక్కర్లేదా అని కాసేపు ఆలోచించేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పెళ్లాం పరస్కా చెవిన పడుతుంది. పరస్కా చెవిన పడితే ఆ ఏడు షాపు తలుపు తెరుచుకోదు.

షాపంటే అంగడి కాదు. ఇంటి వెనక చెక్క గోడల షెడ్డు. లోపల ఒక లేత్ మిషన్, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక గ్రైండరు, వైస్ బిగించిన బల్ల, మూలన కట్టెల పొయ్యి. తిమ్కో బతుకంతా పట్నంలో ట్రాక్టర్లు బాగుచేసే కార్ఖానాలో లేత్ ముందు నిలబడే గడిచింది. ఆ కార్ఖానా మూతపడ్డ రోజున తక్కినవాళ్లు కుర్చీలూ గోడగడియారాలూ పట్టుకుపోతే, ఇతను ఏళ్ల తరబడి తన ముందున్న లేత్‌నే బండికెత్తించి ఇంటికి తెచ్చుకున్నాడు. పరస్కా గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, "పెళ్లికి ముందే చెప్పుంటే సవతికి ఒక గది ఎక్కువ కట్టించమనేదాన్నిగా!" అంది. ఆ మాట ఊరంతా పాకింది. కలీనా ఊళ్లో పనిముట్టు విరిగిన ప్రతివాడూ ఇప్పటికీ "సవతి ఇంటికెళ్లొస్తా" అనే బయల్దేరతాడు.

సవతికి చలికాలమే కాలం. వేసవిలో, ఆ మంచు మైదానాల సస్కాచెవాన్‌లో, రైతుకి విరిగినదాన్ని బాగుచేయించుకునే తీరిక ఉండదు. తీగ చుట్టి, నాలుగు తిట్లు తిట్టి, ఆ పూటకి గడిపేస్తాడు. మంచు పడ్డాక అవన్నీ గోనెల్లో వేసుకుని ఒక్కొక్కడే తిమ్కో షాపుకి వస్తాడు. షాఫ్ట్ వంగిందని ఒకడు, బుష్ అరిగిందని ఇంకొకడు. వచ్చినవాడు ఊరికే వెళ్లడు. పొయ్యి పక్కన కూర్చుని, టీ తాగి, ఎవరి ఆవు ఈనిందో, ఎవరింట్లో కోడలు అత్త మీద అలిగి పుట్టింటికి పోయిందో చెప్పి మరీ వెళతాడు. తిమ్కోకి సంవత్సరమంటే ఆ కొద్ది నెలలే. మిగతా నెలలు వాటి కోసం కాచుకోవడానికి.

అలాంటిది, పోయిన చలికాలంలో ఒకరోజు లేత్ ముందు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. పరస్కా బోర్ష్ పులుసు గిన్నె పట్టుకుని వెళ్లేదాకా సిమెంటు నేల మీదే పడి ఉన్నాడు. గుండె కాదన్నాడు డాక్టరు, వయసన్నాడు. గుండెకైతే మందిచ్చేవాడేమో, వయసుకి ఇవ్వలేదు. తిమ్కో మళ్లీ లేచి తిరిగాడు, నవ్వాడు, అందరూ మరిచిపోయారు. పరస్కా మరిచిపోలేదు. ఈ ఏడు ఆకులు పసుపెక్కడం మొదలవగానే షరతు పెట్టింది.

"పొక్రోవా లోపు షాపు సిద్ధమై పొయ్యి వెలిగిందా, సరే, నీ ఇష్టం. వెలగలేదా, ఈ ఏడు తాళం. నువ్వు మంచులో నిచ్చెనలెక్కి, కట్టెలు కొట్టి, చస్తే నేను చూస్తూ కూర్చోను."

"పొక్రోవాకి ఇంకా చాలా టైముంది."

"నీకుంది ముసలోడా. నీ మోకాళ్లకి లేదు."

పొక్రోవా అంటే కప్పేది అని. అక్టోబరు మధ్యలో వచ్చే పండగ. మేరీమాత తన మేలిముసుగుతో లోకాన్ని కప్పుతుందని గుళ్లో అంటారు. ఆకో, మంచో, ఏదో ఒకటి నేలని కప్పేసి తీరుతుందని పొలాల్లో అంటారు. ఆ తరవాత కూడా బయట పని మిగిలిందంటే వాడు మొండివాడన్నా అయ్యుండాలి, సోమరన్నా అయ్యుండాలి. తిమ్కో తనని రెండో రకంలో వెయ్యరనే ధైర్యంతో షరతుకి ఒప్పుకున్నాడు.

ఇనుముని చలికాలం దాటించడానికి ఆ దేశంలో రెండే దార్లు. ఒకటి, పొయ్యి వెలిగించి వసంతం దాకా ఆర్పకుండా ఉంచడం. అప్పుడు మిషన్ల మీద పల్చటి నూనె చాలు, రోజూ పని చేసుకోవచ్చు. రెండోది, అసలు వెలిగించకపోవడం. అప్పుడు ఇనుముకి చిక్కటి గ్రీజు దట్టంగా పట్టించి, పైన గుడ్డ కప్పి, తాళ్లు కట్టి, తలుపేసి, ఏప్రిల్ దాకా దాని ముఖం చూడకూడదు. ఈ రెంటికీ మధ్య దారి లేదు. ఇవాళ వెలిగించి రేపు ఆర్పేస్తే, వేడి తగిలిన గాలి చల్లటి ఇనుముని ముట్టుకోగానే ఇనుముకి చెమట పడుతుంది. చెమట పడితే తుప్పు, తుప్పు పడితే ఏళ్ల తరబడి అద్దంలా దిద్దుకున్న లేత్ పట్టాలు ఒక్క వారంలో గరుకు నాలుకలవుతాయి. కరెంటు హీటరు పెట్టుకోకూడదా అని పట్నం వాళ్లు అడుగుతారు. అక్కడి చలి నిజంగా దిగినప్పుడు కరెంటు హీటరు ముసలి కుక్కలా మూలన పడి ఉంటుంది, కరవదు, అరవదు.

అందుకని పొయ్యి వెలిగించడమంటే చలికాలమంతా దానికి మేత వేస్తానని మాటివ్వడమే. తెల్లారకముందే లేచి వెళ్లాలి. పడుకోబోయేముందు మళ్లీ వెళ్లాలి. పరస్కా భయమంతా అదే. తిమ్కో ఆశ కూడా అదే.

సెప్టెంబరంతా కొంచెం కొంచెంగా లాగాడు. కిటికీ చెక్కల సందుల్లో పాత ఉన్ని గుడ్డలు కుక్కాడు. గడ్డకట్టి పగిలిపోకుండా, లేత్‌లో కోతకి పోసే సబ్బునీళ్లు తీసేశాడు. గేర్ల పెట్టెలోని వేసవి నూనె చలికి జిగురైపోతుంది గనక దాన్ని వంపేసి పల్చటిది పోశాడు. ఒకప్పుడు ఇవన్నీ ఈల వేసుకుంటూ ఒక ఆదివారం పూట ముగించేవాడు. ఇప్పుడు ఒక కిటికీ అయ్యాక బల్ల మీద కూర్చునేవాడు. కూర్చున్నాక, రెండో కిటికీ వైపు చూసి, అది చాలా దూరంలో ఉన్నట్టు నిట్టూర్చేవాడు. పరస్కా అడుగుల చప్పుడు వినిపిస్తే మాత్రం గభాలున లేచి సుత్తి చేతిలోకి తీసుకునేవాడు. దేని మీద కొట్టాలో తెలియక ఒకసారి ఉత్త బల్ల మీదే రెండు దెబ్బలేశాడు.

"ఏం చేస్తున్నావు?"

"బల్ల గట్టిగా ఉందో లేదో చూస్తున్నా."

"ఉందా?"

"ఉంది."

"అది నీకంటే నయం," అని పరస్కా పెరుగు డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది. ఆమెకి తెలుసని తిమ్కోకి తెలుసు. తెలిసి కూడా ఊరుకుందంటే పండగ కోసం చూస్తోందని కూడా తెలుసు.

గోడల చుట్టూ గడ్డి కట్టాల్సి ఉంది. దాన్ని జహాతా అంటారు. గోడ బయట నడుమెత్తు దాకా ఎండుగడ్డి కూరి, అది జారకుండా బయటివైపు పలకలు కొడతారు. జహాతా లేని షాపుకి చలి నేల లోంచి వస్తుంది. గడ్డి తెచ్చేవాడు హవ్రీలో పెట్రాష్. పక్క పొలం రైతు, పెద్ద పొట్ట, చిన్న టోపీ. తిమ్కో కూతురు ఒలెంకాకి జ్ఞానస్నానం చేయించిన రోజున బిడ్డని చేతుల్లో పట్టుకున్నవాడు అతనే. ఆ లెక్కన ఇద్దరూ ఒకరికొకరు కూమ్ అవుతారు. మన వియ్యంకుల చుట్టరికం లాంటిదే, వేళాకోళమాడకపోతే మర్యాద తక్కువ చేసినట్టు.

"ఏం కూమే," అన్నాడు హవ్రీలో ట్రాక్టరు దిగుతూనే, "గోడకి ఆనుకుని నిలబడ్డావు? గోడ నిన్ను మోస్తోందా, నువ్వు గోడని మోస్తున్నావా?"

"నీకోసమే చూస్తున్నా. గడ్డి తెస్తానని కోతలప్పుడు చెప్పావు. ఆ గడ్డి ఈపాటికి ఆవు తిని, పేడేసి, ఆ పేడలో మళ్లీ గడ్డి మొలిచుంటుంది."

"కోతలు కొయ్యడం నా వృత్తి కదా కూమే. తెచ్చాగా మరి, చూడు, బంగారం!"

"బంగారమా! సగం తడిసింది. దీన్ని గోడకి పెడితే చలికాలమంతా పుట్టగొడుగులు కోసుకు తినొచ్చు."

"తిను. పరస్కా వంటకంటే అవే నయమంటావేమో."

"గట్టిగా అనకు. ఇవాళ మధ్యాహ్నం తినాల్సింది నువ్వు కూడా."

ఇద్దరూ పని మొదలెట్టారు. తిమ్కో గడ్డి ఎత్తబోయి, పంగలకర్ర భుజం దాకా వచ్చాక ఆగిపోయాడు. అది అక్కడే వణుకుతూ నిలబడింది, పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. హవ్రీలో చూశాడు. చూసి, నాలిక మీదికి వచ్చిన వేళాకోళాన్ని మింగేశాడు. కూములు వేళాకోళం మింగడం మంచి శకునం కాదు.

"ఇటివ్వు. నేనెత్తుతా, నువ్వు తొక్కు."

"నేనెత్తలేనంటావా?"

"నువ్వెత్తితే నేను తొక్కాలి. నేను తొక్కితే గోడ పడిపోద్ది."

తిమ్కో నవ్వి కర్ర ఇచ్చేశాడు. గడ్డి తొక్కుతుంటే ఆయాసం వచ్చింది. ఎండ బాగున్నా ఒళ్లు చల్లగా చెమట పట్టింది. సాయంకాలానికి జహాతా పూర్తయింది. షాపు చుట్టూ పసుపుపచ్చ పట్టీ కట్టినట్టుంది. ఇద్దరూ దూరంగా నిలబడి చూసుకున్నారు. ఇక మిగిలినవి పొయ్యి గొట్టం, కట్టెలు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా అన్నాడు హవ్రీలో. అలికినవాడికి ఇవాళ్టికి ఇదే పండగ అన్నాడు తిమ్కో.

గొట్టం దులపడానికి నిచ్చెన ఎక్కాలి. నిచ్చెన ఎక్కితే పరస్కా ఊరుకోదు. అందుకని పరస్కా పిరోహీలు, అంటే నీళ్లలో ఉడికించే కజ్జికాయల్లాంటివి, చుట్టడానికి గుడికి వెళ్లిన రోజు చూసుకుని ఎక్కాడు. మసి దులిపాడు, దిగాడు, ఏమీ కాలేదు. ఆ ధైర్యంతోనే కొంప మునిగింది. ఇంత చేసినవాణ్ణి కట్టెలకి భయపడతానా అని దొడ్లో పడి ఉన్న పోప్లర్ చెట్టు దుంగల్లో పెద్దదాన్ని ఎత్తబోయాడు. నడుములో ఏదో పట్టేసింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పరస్కా తిరిగొచ్చేసరికి దుంగని కావలించుకుని, మసి ముఖంతో, నేల వైపు చూస్తూ ఉన్నాడు.

"నిచ్చెన కూడా ఎక్కావన్నమాట," అంది పరస్కా. ఇంకేమీ అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ బాధగా తోచింది.

ఆ రాత్రే జ్వరం కూడా వచ్చింది. పరస్కా పెద్దబాతు కొవ్వు కరిగించి వీపుకీ ఛాతీకీ పట్టించింది. పూత పెట్టడాన్ని వాళ్ల భాషలో మస్తీతి అంటారు, పూత పెట్టమని చెప్పాలంటే నమస్తీ అంటారు. మన చెవికి దణ్ణం పెట్టినట్టు వినిపిస్తుంది. రొట్టెకి వెన్న పూసినా, వీపుకి కొవ్వు పూసినా, ఇనుముకి నూనె రాసినా, గ్రీజు పట్టించినా, అన్నిటికీ ఆ ఒక్కటే మాట. ఎదుటివాడే ఏది పూయాలో తెలుసుకోవాలి.

మంచం పట్టాక వాన మొదలైంది. సన్నటి, చల్లటి, ఆగని వాన. తిమ్కో పడుకున్న గదిలోంచి షాపు కనిపించదు, చప్పుళ్లు మాత్రం వినిపిస్తాయి. జ్వరంలో అతనికి ఒకటే దిగులు. పొయ్యి లేదు, తేమ లోపలికి వస్తోంది, లేత్ పట్టాల మీద నూనె ఆరిపోయి ఉంటుంది. తను లేచేలోపు తుప్పు పట్టేస్తుంది. ముందు నూనె రాయాలి, తక్కినవి తరవాత చూసుకోవచ్చు. హవ్రీలో టోపీ చేత్తో పట్టుకుని చూడటానికొచ్చినప్పుడు, పళ్లు టకటకలాడుతుంటే తిమ్కో అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కూమే, ఇక నావల్ల కావట్లేదు. నా లేత్‌కి నమస్తీ. నువ్వే చెయ్యాలి."

హవ్రీలో మంచం మీదికి వంగాడు.

"నిజంగానే అంటున్నావా?"

"మరింకెవరు చేస్తారు, పరస్కా చేస్తుందా? పైన గుడ్డ కూడా వెయ్యి. నీ గడ్డి దుమ్మంతా లోపలికే కొట్టింది."

"పరస్కాకి చెప్పావా?"

"నువ్వే చెప్పు. నాకు మాట్లాడే ఓపిక లేదు."

హవ్రీలో టోపీని రెండు చేతుల మధ్యా నలిపాడు. "బాగా చేస్తాను కూమే," అన్నాడు. "నా నాగలికి కూడా అంత బాగా చెయ్యను." గొంతు గుళ్లో ప్రార్థన చెబుతున్నట్టుంది. నూనె రాయడానికి ఇంత గొంతెందుకో తిమ్కోకి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు, అటు తిరిగి పడుకున్నాడు.

తరవాతి రోజుల్లో షాపు తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. ఏదో డబ్బా ఈడ్చిన చప్పుడు వినిపించింది. ఒకసారి పరస్కా గొంతూ, హవ్రీలో గొంతూ కలిసి తగ్గు స్వరంలో వినిపించాయి. గొడ్డలి చప్పుడు మాత్రం వినిపించలేదు. తను నిద్రపోయినప్పుడు కొట్టి ఉంటాడనుకున్నాడు తిమ్కో. కూమ్ మీద మనసు కరిగింది. జీవితంలో తన పని ఇంకొకడి చేతిలో పెట్టడం అతనికి అదే మొదలు. పెట్టాక ఎంత తేలిగ్గా ఉందో చూసి, ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదా అని కూడా అనుకున్నాడు.

పరస్కా కూడా మారిపోయింది. తిట్టడం మానేసింది. ఉల్లిపాయలు వేయించి పోసిన పిరోహీలు, గసగసాల రొట్టె, అడక్కుండానే వచ్చాయి. ఒక సాయంత్రం దిండు సర్ది, మంచం మీద కూర్చుంది.

"హవ్రీలో చెప్పాడు. నువ్వే అన్నావట. నీ అంతట నువ్వే."

"ఆఁ, అన్నాను. ఎన్నాళ్లని నేనొక్కణ్ణే పట్టుకుని వేలాడతాను? తెలివి ఆలస్యంగా వచ్చింది."

పరస్కా అతని నుదుటి మీద చెయ్యి వేసింది. జ్వరం చూడటానికి కాదు, ఊరికే. పెళ్లయిన కొత్తలో వేసిన చెయ్యి అది.

"నీకు తెలీదు," అంది. "పోయినేడు నువ్వు పడ్డాక, రోజూ నువ్వు షాపుకి వెళ్లగానే లేచి కిటికీ దగ్గర నిలబడేదాన్ని. దేవుడి బొమ్మకి దణ్ణం పెట్టకముందే ఆ పొగ చూసేదాన్ని. పొగ సన్నగా ఉంటే చాలు, కోటు వేసుకుని గుమ్మం దాకా వచ్చేదాన్ని. చెప్పుకుంటే నవ్వుతావని చెప్పలేదు."

తిమ్కో నవ్వలేదు. ఇన్నేళ్లూ పక్కన పడుకున్న మనిషి ఇలా నిలబడిందని తనకి తెలియనే లేదు. సిగ్గేసింది. ఈ ఏడు హవ్రీలో తోడుంటాడు గనక ఆ తిప్పలు తప్పుతాయని చెప్పాలనుకుని, "ఈ ఏడు ఆ భయం ఉండదులే," అన్నాడు.

"ఉండదు," అని పరస్కా కళ్లు తుడుచుకుంది. ఆ రాత్రి ఆమె గురక పెట్టి నిద్రపోయింది. అంత గట్టి గురక విని చాలా కాలమైంది. తిమ్కో పక్కన మెలకువగా పడుకుని, ఆ గురక వింటూ సంతోషించాడు.

పొక్రోవా పొద్దున నేల తెల్లగా ఉంది. వాన ఎప్పుడో మంచుగా మారి, కంచెల్నీ, దుంగల్నీ, హవ్రీలో తెచ్చిన పసుపుపచ్చ గడ్డినీ కప్పేసింది. పరస్కా గుడికి వెళ్లింది. తిమ్కోకి తోడుగా ఉండమని కూమ్‌ని కూర్చోబెట్టి వెళ్లింది. జ్వరం పోయింది. నడుం పట్టు సడలింది. తిమ్కో లేచి కోటు అందుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు హవ్రీలో.

"షాపుకి. పండగ కదా, చూద్దాం పద."

"ఇవాళే చూడాలా కూమే? కాస్త కోలుకున్నాక చూద్దువుగాని."

"నువ్వేం పాడు చేశావో ఇవాళే చూస్తా."

హవ్రీలో నవ్వలేదు. చెయ్యి పట్టుకుని మంచులో నడిపించాడు. సగం దూరం వెళ్లాక తిమ్కో తలెత్తి చూశాడు.

"పొయ్యి వెలిగించలేదేం?"

హవ్రీలో అతని వైపు వింతగా చూశాడు. "ఎందుకు వెలిగించడం?" అన్నాడు.

తిమ్కో తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. లోపల బయటికంటే చల్లగా ఉంది. లేత్ ఉండాల్సిన చోట తార్పాలిన్ గుడ్డ కప్పిన ఒక దిబ్బ ఉంది. అడ్డంగా, నిలువుగా తాళ్లు. ముడులు కూడా అందంగా వేసి ఉన్నాయి. హవ్రీలో ముందుకెళ్లి ఒక తాడు విప్పి, గుడ్డ ఎత్తి చూపించాడు. పట్టాల మీద, ఇనుప ముక్కని పట్టి తిప్పే చక్ మీద, హాండిళ్ల మీద, రొట్టె మీద పందికొవ్వు రాసినంత దట్టంగా పచ్చటి గ్రీజు. ఎక్కడా వేలు పట్టేంత ఇనుము కూడా బయటికి కనిపించడం లేదు.

"వేడి చేసి పట్టించాను," అన్నాడు హవ్రీలో. "చల్లటి గ్రీజు మూలల్లోకి పోదని. మా నాన్న నాగలికి అలాగే చేసేవాడు, ఆకురాలు కాలం వచ్చిందంటే 'నాగలికి నమస్తీ, ఇక పడుకోనీ' అనేవాడు." అక్కడ ఆగి గుడ్డ అంచు సరిచేశాడు. "నువ్వు ఆ మాటన్న రోజు ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను కూమే. నువ్వే మానేస్తానన్నాక ఇక మాబోటివాళ్లం ఎంత? కానీ చెప్పావు గనక, బాగా చెయ్యాలి గనక, చేశాను. పూస్తూ కొంచెం ఏడ్చాను. ఎవరికీ చెప్పకు."

అప్పుడు తిమ్కోకి అంతా అర్థమైంది. కార్ఖానాలో బతికినవాడికి నమస్తీ అంటే రోజూ పొద్దున పని మొదలెట్టేముందు రాసే నూనె. నాగలితో బతికినవాడికి నమస్తీ అంటే ఆకురాలు కాలంలో పని ముగించి పట్టించే గ్రీజు. ఒకడు మొదలుపెట్టమన్నాడు, రెండోవాడు ముగించమని విన్నాడు. అబద్ధమాడినవాడు ఎవడూ లేడు. పరస్కా మోసం చెయ్యలేదు. నీ అంతట నువ్వే అన్నావటగా అని అడిగింది, అవునన్నాడు.

ముందు కోపం వచ్చింది. గాడిదా అనే మాట గొంతు దాకా వచ్చింది. ఇంకా పొద్దుంది. ఇవాళంతా పొక్రోవాయే, మాట దాటిపోలేదు. కిరసనాయిలు, చింకి గుడ్డలు ఉంటే ఈ గ్రీజంతా తుడిచెయ్యొచ్చు. హవ్రీలోకి చెబితే చాలు, చొక్కా విప్పి, దొడ్లో దుంగలన్నీ సాయంత్రంలోపు చీల్చేస్తాడు. ఇద్దరూ కలిసి పొయ్యి వెలిగించొచ్చు. గుడి నుంచి వచ్చేసరికి పరస్కా చూస్తుంది, ఏమీ అనదు, షరతు షరతే. రేపటి నుంచి మళ్లీ కిటికీ దగ్గర నిలబడుతుంది.

కోపం కింద ఇంకొకటి ఉంది. దాన్ని గుర్తుపట్టి తిమ్కో సిగ్గుపడ్డాడు. అది హాయి. తెల్లవారకముందే లేవక్కర్లేదు. దుంగ ఎత్తక్కర్లేదు. పరస్కా అడుగులు వినిపించగానే సుత్తి పట్టుకోనక్కర్లేదు. ఆగస్టు నుంచి ఒళ్లు ఏది అడుగుతోందో అది తను అడక్కుండానే, పొరపాటున, ఇంకొకడి చేత్తో జరిగిపోయింది. దాని కింద మళ్లీ దుఃఖం. ఒక్క చలికాలం పడుకోబెట్టిన మిషన్‌ని వసంతంలో లేపేవాడు ఎవడు? తనేనా? తన చేతులా ఇవి? వసంతానికి ఇంకా ఎంత ఓపిక మిగులుతుంది?

హవ్రీలో అతని ముఖం వైపే చూస్తున్నాడు. ఆ పెద్ద ముఖంలో ఏదో అనుమానం మొదలైంది.

"కూమే," అన్నాడు మెల్లగా. "నువ్వు చెప్పింది ఇదేగా? నేనేమన్నా తప్పు విన్నానా?"

తిమ్కో నోరు తెరిచాడు. అతనికి పరస్కా గురక గుర్తొచ్చింది.

"ఇదే," అన్నాడు. "ఇదే చెప్పాను."

హవ్రీలో ఊపిరి వదిలాడు. అది పొగలా గాల్లోకి లేచింది. "అమ్మయ్య, భయపెట్టేశావు. సరే, నువ్వే ఒకసారి చూడు. నాకు మిషన్ సంగతి తెలీదు. ఎక్కడన్నా వదిలేశానేమో."

తిమ్కో వంగలేక వంగాడు. లేత్ పొడవునా ముందువైపు ఒక పొడుగాటి మరచుట్ల కడ్డీ ఉంటుంది. దాని పైభాగమంతా గ్రీజు పట్టి ఉంది. కిందివైపు, ఎవరూ తల దూర్చి చూడని చోట, ఇనుము నగ్నంగా మెరుస్తోంది. అక్కడే తేమ దిగేది. అక్కడే ముందు తుప్పు పట్టేది.

"ఒకచోట వదిలేశావు," అన్నాడు.

"ఎక్కడ? ఉండు, నేను పూస్తా."

"వద్దు. నీ చెయ్యి దూరదు."

డబ్బా తెమ్మన్నాడు. గ్రీజు చలికి గట్టిపడి ఉంది. దాన్ని అరచేతిలో వేసుకుని, రెండు చేతులతో రుద్ది మెత్తబరిచాడు. తరవాత మోకాళ్ల మీద కూర్చుని, వేలితో కొంచెం కొంచెంగా, ఒక్కో మరలోకీ గ్రీజు దిగేలా అదుముతూ, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పూశాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఏడుస్తూనే పూశాడు. అంతా అయ్యాక గుడ్డ కప్పమని హవ్రీలోకి చెప్పి, తాడుకి ముడి తనే వేశాడు.